ఎర్రగడ్డ వేరులో ఎనాఫేజ్ కోసం

ఎమ్మెస్సీ బోటనీ ప్రాక్టికల్స్‌కి పది రోజులుందనగా మా వంటింటి కిటికీలో నాలుగు గ్లాసుల మీద నాలుగు ఎర్రగడ్డలు ఎక్కించాను. "పులుసులోకి గడ్డల్లేక నేను ఏడుస్తా ఉంటే, నువ్వు ఈడ పెట్టి సాకతా ఉండావామ్మే?" అంది అమ్మ. మూడో రోజుకు నీళ్లలోకి తెల్లటి వేర్లు దిగాయి.

నా మొదటి స్లైడ్లన్నీ దండగే. ఎక్కడ చూసినా గుండ్రటి కేంద్రకాలు, కణ విభజన జాడే లేదు, క్రోమోజోములు చీలి చెరో వైపుకు పోయే ఎనాఫేజ్ దశ సంగతి సరేసరి. ల్యాబ్‌లో సీనియర్ అక్క చూసి, సాయంత్రం ఎవరు కోయమన్నారని తిట్టింది. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కోయాలట, అదీ వేరు కొసన రెండు మిల్లీమీటర్లే. మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు ఎసిటిక్ యాసిడ్ కలిపి అందులో ఒక రోజు ఉంచాను. తర్వాత ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు వేసి స్పిరిట్ ల్యాంప్ మీద వెచ్చబెట్టి, కవర్ స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కాలి. కవర్ స్లిప్ పక్కకు జరగకూడదు. నేను మూడు పగలగొట్టాను.

నాలుగోది దక్కింది. ఎర్రటి క్రోమోజోము గుత్తులు రెండు, చేతులు వెనక్కి వేలాడేసుకుని చెరో కొసకు పోతున్నాయి. ఎనాఫేజ్!

థియరీ మాత్రం వేరే టెన్షన్. కాపీ అయిన క్రోమోజోములోని జంట ప్రతులను, అంటే క్రోమాటిడ్లను, కోహెసిన్ అనే ప్రొటీన్ ఉంగరంలా పట్టి ఉంచుతుంది. దాన్ని కోసే కత్తెర సెపరేస్, ఆ కత్తెరను సెక్యూరిన్ కట్టేసి ఉంచుతుంది. చివరి క్రోమోజోము దాకా అన్నీ వాటిని చెరో వైపు లాగే కదురు పోగులకు తగులుకున్నాకే ఏపీసీ అనే ప్రొటీన్ల ముఠా సెక్యూరిన్‌కు యుబిక్విటిన్ ముద్ర కొట్టి నాశనానికి పంపుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఒక విభజనకూ ఇంకో విభజనకూ మధ్య డీఎన్ఏ ఒక్కసారే ఎలా కాపీ అవుతుందన్న దగ్గరే బుర్ర ఆగిపోయింది.

ఆ వారమే పీలేరు నుంచి దర్శనానికొచ్చిన మామతో తిరుపతి శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్ల క్యూలో నిలబడ్డాను. టోకెన్ ఇచ్చే చోట దర్శనం లేదు, దర్శనం లైనులో టోకెన్ ఇవ్వరు. అక్కడే వెలిగింది. కణ విభజనను నడిపే సీడీకే ఎంజైము జోరు తగ్గినప్పుడే ఎంసీఎం అనే ప్రొటీన్ ఉంగరాలు డీఎన్ఏ మీద కూర్చుంటాయి, అదే టోకెన్. జోరు పెరిగాక అవి కాపీ కోసం డీఎన్ఏ రెండు పేటలను విప్పుతూ పోతాయి, కొత్త ఉంగరాలకు మాత్రం చోటు లేదు. అందుకే డీఎన్ఏ ఒక్కసారే కాపీ అవుతుంది. మరి ఆ జోరు తగ్గించేదెవరు? మళ్లీ ఆ ఏపీసీయే! కత్తెర కట్టు విప్పే వేళకే సీడీకేకు జోరునిచ్చే ప్రొటీన్ అయిన సైక్లిన్‌ను కూడా అది పోగొడుతుంది. సముద్రపు అర్చిన్ గుడ్లలో సైక్లిన్‌ను కనిపెట్టిన టిమ్ హంట్ 2001 నోబెల్ పంచుకున్నాడు. మా నోట్సులో మాత్రం కత్తెర సంగతీ కాపీ సంగతీ రెండు వేర్వేరు యూనిట్లలో పడున్నాయి, ఒకదాని ఊసు ఇంకోదానిలో లేదు.

వైవాలో ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఎక్స్‌టర్నల్ సారు నా స్లైడులోకి చూస్తూనే, "ఈ కణంలో ఇప్పుడెన్ని క్రోమోజోములమ్మా?" అన్నారు.

"పదహారు సార్, ఎర్రగడ్డ కదా."

"ఏ వైపు?"

నాలుక కరుచుకున్నాను. విడిపోయాక ప్రతి క్రోమాటిడూ ఒక క్రోమోజోమే. వైపుకు 16, మొత్తం 32.