తొత్తు

కడప, బుధవారం.

పొద్దున ఏడురోడ్ల దగ్గర టీకొట్టులో పేపరు చేతులు మారుతా ఉంది. ఒక పార్టీ వాళ్లు ఇంకో పార్టీ వాళ్లను ‘తొత్తులు’ అన్నారంట. “తొత్తులంటే చెంచాలే గదప్పా” అని చదివే ఆయన. “చెంచా నిన్నమొన్నటిది లేబ్బా, ఇది పాతది” అని పక్కాయన.

పాతదే. కానీ మొదట అది ఆడమనిషి పేరు. తొత్తు అంటే దాసి. 1820లో కొలువుకని కడప వచ్చిన బ్రౌన్ దొర 1852 నిఘంటువులోనూ అర్థం అదే. మగవాడైతే బంటు, దాసుడు. అందుకే “వాడు వట్టి తొత్తు” అన్నప్పుడు వాక్యం లింగం దగ్గర తడబడుతుంది. మగవాళ్ల మీదికి వచ్చిన దారి ఒకటి కనిపిస్తూనే ఉంది: ‘తొత్తుకొడుకు’. తిట్టు కొడుక్కి, మాట తల్లిది. ఆ తర్వాత ‘సామ్రాజ్యవాదుల తొత్తులు’ అని కరపత్రాలు బహువచనం చేసేసరికి ఆడా మగా తేడా అడిగే పని లేకుండా పోయింది.

పాత కన్నడంలో ఇది తొఴ్తు, తమిళంలో తొఴుత్తై. రెండూ దాసే. తమిళంలో తొఴు అంటే చేతులు జోడించి మొక్కడం. నిఘంటుకారులు వీటన్నిటినీ ఒకే కుదుట్లో పెడతారు. నాలుక వెనక్కి మడిచి పలికే ఆ ‘ఴ’ అక్షరం ఒకప్పుడు మనకూ ఉండేది. ఈ సీమను ఏలిన రేనాటి చోళుల శాసనాల్లో ‘చోఴ’ అని చెక్కింది దానితోనే. తర్వాత చాలా చోట్ల ‘డ’ అయింది: తమిళ కోఴి మన కోడి, ఏఴు మన ఏడు. టీకొట్టు ఉన్న ఏడురోడ్లలోనూ ఉంది ఆ ఏడు! తొత్తులో మాత్రం పక్కనున్న ‘త’లో కరిగిపోయింది. కాబట్టి తెలుగులోనే ‘తొత్తు’కు క్రియ వెతికితే దొరకదు, ఊరికే కథలు అల్లాల్సి వస్తుంది.

పేపర్లు దీనికి బదులు ‘తాబేదారు’ కూడా వేస్తాయి. అది నాకు ఒప్పదు. అరబ్బీలో తాబి అంటే వెంట నడిచేవాడు, దార్ ఫార్సీ. తాసిల్దారు, జమేదారు వచ్చిన కచేరీ దారిలోనే ఇదీ వచ్చింది. అర్జీ చివర ‘తమ తాబేదారు’ అని రాసుకోవడం ఒకప్పుడు మర్యాద. ‘తమ తొత్తు’ అని ఎవడు రాసుకుంటాడు?

తొత్తు కింద బడితొత్తు అని సామెత: దాసి కింద ఇంకో దాసి. ఈరోజు వార్తకు అదే సరిగ్గా అతికేది. శీర్షికలో పట్టలేదేమో.