నల్లరాయి నలుపు దొరికేదాకా

మా అమ్మాయి హనుమకొండలో నాలుగేళ్లుగా పేరిణి లాస్యం అనే నృత్యం నేర్చుకుంటోంది. అమ్మాయి భంగిమనూ, రామప్ప గుడిలోని ఒక మదనిక (స్త్రీ శిల్పం) భంగిమనూ కలిపి ఒకే చిత్రంగా చేసి మా అమ్మకు ఇవ్వాలని పోయిన చలికాలంలో నాకు కోరిక పుట్టింది. నా దగ్గర కెమెరా లేదు. ఉన్నదల్లా రోజూ వాడుకునే మొబైల్ ఫోనే.

1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆ గుడి ఎర్రని ఇసుకరాతిది. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలు మాత్రం నిగనిగలాడే నల్లరాతివి. మొదటిసారి వెళ్లి ఇరవై ముప్పై ఫోటోలు తీసుకొచ్చి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని, "గిదేంది బిడ్డా, నల్లరాయి బూడిద పూసినట్లున్నది" అంది. ఆ మాట అక్షరాలా నిజం. చట్రం నిండా ముదురు వస్తువు ఉన్నప్పుడు ఫోన్ దాన్ని వెలుతురు చాలని దృశ్యంగా భావించి తనంతట తానే కాంతిని పెంచుతుంది. దానితో నలుపు బూడిద రంగుకు తేలిపోతుంది, వెనక ఆకాశం సున్నం కొట్టినట్లు తెల్లబడుతుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ సుమారు 70 కిలోమీటర్లు బస్సులో వెళ్లాను. ఈసారి తెరమీద మదనిక ముఖాన్ని వేలితో అదిమి పట్టి ఫోకస్‌నూ ఎక్స్‌పోజర్‌నూ (వెలుతురు మోతాదును) లాక్ చేసి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును మెల్లగా కిందికి జరుపుతూ పోయాను. ఒక దగ్గర రాయి రాయిలాగే నల్లబడి, మెడలోని హారాల అంచులు మాత్రం మెరిశాయి. రంగులను తనంతట తానే సవరించే ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కో ఫోటోలో గోడ ఎరుపును ఒక్కో తీరుగా చూపుతున్నందున ప్రో మోడ్‌లో దాన్ని పగటి వెలుగు దగ్గర స్థిరపరిచాను. శిల్పం ఎత్తులో ఉంటుంది కనుక జూమ్ చేయాలనిపిస్తుంది గానీ, డిజిటల్ జూమ్ చెక్కడపు సన్నని గీతలను అలికేస్తుంది.

ఇక కలపడం. స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్‌లో రెండు ఫోటోలను ఒకదానిమీద ఒకటి వేసే డబుల్ ఎక్స్‌పోజర్ అనే పరికరం ఉంది. పట్టుపరికిణీలో, పచ్చని పరదా ముందు నిలబెట్టి తీసిన అమ్మాయి ఫోటోమీద శిల్పాన్ని వేస్తే రెండూ కలగాపులగమై ఏదీ కనిపించలేదు. లైటెన్ పద్ధతిలో రెండు చిత్రాల్లో ఏది ఎక్కువ వెలుతురుగా ఉంటే అదే నిలుస్తుందని, కాబట్టి అమ్మాయి తెల్లని నేపథ్యంమీద నల్లని నీడబొమ్మగా ఉంటేనే ఆ నీడలో శిల్పం నిండుతుందని నాకు అర్థం కావడానికి మూడు రాత్రులు పట్టింది. మరునాడు పొద్దున్నే డాబామీద, మబ్బు పట్టిన ఆకాశానికి ఎదురుగా అమ్మాయిని నిలబెట్టి, ఆకాశంమీద తాకి ఫోటో తీశాను. ఆకాశం కాస్త బూడిదగానే వచ్చింది. వెలుగునీడలను సవరించే కర్వ్స్ గీతలో పై కొసను ఎడమకూ, కింది కొసను కుడికీ జరిపితే తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా విడిపోయాయి.

అప్పటికీ ఒక చిక్కు మిగిలింది. మదనిక వెనకున్న తెల్లని ఆకాశం నీడబొమ్మలోకి కూడా వచ్చి అమ్మాయి చేయి సగం మాయమైంది. పక్కనుంచి, మండపపు ఎర్రరాయే నేపథ్యంగా పడేలా తీసిన ఫోటో ఒకటి ఉండటంతో అది తీరింది. ఆ తర్వాత, చేసిన మార్పుల జాబితా ఉండే వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి, ఆ కలయిక ఎక్కడ కనిపించాలో అక్కడే బ్రష్‌తో పూశాను: పాదాల దగ్గర అమ్మాయి నీడ అలాగే ఉండిపోయింది, నడుము నుంచి పైకి రాయి మేల్కొన్నట్లు వచ్చింది.

హీలింగ్ పరికరంతో రాతిమీది పగుళ్లను చెరపడం మొదలుపెట్టి, రెండు పగుళ్లు పోయాక మనసొప్పక వెనక్కి తీసుకున్నాను. ఎనిమిది వందల ఏళ్లుగా ఎండకూ వానకూ ఓర్చిన రాయి అది. నునుపు చేస్తే మరో శిల్పమైపోతుంది. మూలన పడిన ఒక సందర్శకుడి టోపీ అంచును మాత్రం తీసేశాను.

మొదటి ప్రింటు చీకటిగా వచ్చింది. ఫోన్ తెర వెలుతురును పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేయడమే దానికి కారణం. తెరను సగానికి తగ్గించి, నీడలను కొంచెం తేల్చి మళ్లీ వేయించాను. అమ్మ ఆ పటాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చాలాసేపు చూసి, "ఇప్పుడు నలుపు నలుపు లెక్క ఉన్నది" అంది. అమ్మాయి చేయి ఎక్కడ అయిపోయి రాయి ఎక్కడ మొదలైందో వేలితో వెతుక్కుంటూ అక్కడే కూర్చుంది.