డ్రమ్ములో దొరువు: నాలుగో లీటరు దాటనిస్తలేదు

డ్రమ్ము ఇసుకలోంచి తోడే నీళ్లు నాలుగో లీటరుకు మళ్లీ 3.6. ఉప్పు కొలిచే పెన్ను కడిగి, 1413 ద్రావణంలో (అందులో 1.41 రావాలి) ముంచి సరిచూసి, మళ్లీ పెట్టినా అదే అంకె. మూడు లీటర్ల దాకా నల్లా నీళ్లలెక్కనే వస్తున్నయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఉప్పెక్కుతున్నయి. వారం నుంచి ఇదే లొల్లి. (ఇక్కడి అంకెలన్నీ ఈసీ, అంటే నీళ్లలో కరెంటు ఎంత పారుతదో, మీటరుకు డెసీసీమెన్స్‌లో; ఉప్పు పెరిగితే అంకె పెరుగుతది.)

ఇదేంటో తెలియనోళ్లకు రెండు ముక్కలు. చీరాల, బాపట్ల వైపు తీరపు ఇసుక నేలల్లో వాన నీళ్లు కిందికి దిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ల మీద పొరలాగ నిలుస్తయి. ఆ పై పొర వరకే తోడుకునే లోతు తక్కువ గుంతలే దొరువులు. బాపట్లలో ఉప్పునీటి సాగు మీద పనిచేసే పరిశోధన కేంద్రం వాళ్లు గుంతకు బదులు చిల్లుల పైపులు నేలలో అడ్డంగా పరిచి, వాటిని ఒక బావిలోకి కలిపి అక్కడి నుంచి తోడే పద్ధతి తయారు చేసిన్రు. మా బావకు చినగంజాం దగ్గర ఇసుక పొలం ఉంది, వానలు పోయినంక ఖాళీగనే ఉంటది. అక్కడ పైసలు పెట్టే ముందు, ఇక్కడ హన్మకొండలో మిద్దె మీద రెండు పొరలు నిలబెట్టి చూద్దామని మొదలుపెట్టిన.

200 లీటర్ల నీలి డ్రమ్ము, లోపలి వ్యాసం 57 సెంటీమీటర్లు. జల్లించి కడిగిన గోదావరి ఇసుక 75 సెంటీమీటర్ల ఎత్తు. అడుగు నుంచి పైపుతో ఉప్పునీళ్లు 45 సెంటీమీటర్ల దాకా ఎక్కించిన: బోరు నీళ్లలో లీటరుకు 5 గ్రాముల దొడ్డుప్పు, ఈసీ 10.2. దాని మీద గోనెసంచి పరిచి, మున్సిపల్ నల్లా నీళ్లు (0.6) కుండీలకు పోసే జల్లు డబ్బాతో మెల్లగ 14 లీటర్లు. ఇసుకలో ఖాళీ 38 శాతం వేసుకుంటే అది 15 సెంటీమీటర్ల మంచినీటి పొర. తోడే పైపు అరంగుళం సీపీవీసీ, చతురస్రం లెక్క కలిపి, 2 మిల్లీమీటర్ల చిల్లులు పైవైపే వేసి, దోమతెర రెండు చుట్లు చుట్టిన. నీటిమట్టానికి 8 సెంటీమీటర్ల కింద ఉంది. ఆశీర్వాద్ పైపే వాడిన. తెల్ల పీవీసీకి సన్న డ్రిల్లు పెడితే అంచులు చిట్లుతయి, దీనికి ఆ బాధ లేదు.

ముందు నడుమ నిలువు పైపు పెట్టి చేపల తొట్టి పంపుతో లాగినప్పుడు రెండో లీటరుకే 4.4 వచ్చింది. దాని ముచ్చట వదిలేయండి. ఇప్పుడు అడ్డం పైపు, పంపు లేదు, కుళాయితో నిమిషానికి 100 మిల్లీలీటర్లు. వరుసగా లీటరుకు: 0.7, 0.8, 1.3, 3.6, 5.2. పైపు మీదున్న 8 సెంటీమీటర్ల నీళ్లే లెక్కేసినా 7 లీటర్ల పైన కావాలి. ఇసుక పట్టుకునే తడి తీసేస్తే ఐదన్నా రావాలి. మూడే వస్తున్నయి.

మొదటి అనుమానం డ్రమ్ము గోడ. నున్నటి ప్లాస్టిక్‌కు ఇసుక సరిగ అతకక, ఆ సందులోంచి ఉప్పునీళ్లు పైకి పాకుతున్నయేమో అనుకున్న. సెలైన్ గొట్టాలు మూడు దించి, నీటిమట్టానికి 12 సెంటీమీటర్ల కింద సిరంజితో నమూనాలు తీసిన. తోడకముందు గోడ దగ్గర 1.1, నడుమ 1.0. మూడో లీటరు అయినంక గోడ దగ్గర 2.0, నడుమ 4.9, సరిగ్గా పైపు కింద 6.3. అంటే గోడ తప్పు కాదు. ఉప్పు పైపు కిందనే లేస్తోంది.

అది కళ్లతో చూడాలని పాత గాజు చేపల తొట్టిలో ఇదే చిన్నగ పేర్చి, ఉప్పునీళ్లలో మిఠాయి రంగు కలిపిన. కుళాయి తిప్పిన కాసేపటికే పైపు కింద ఎర్రటి పుట్ట లేచింది. కుళాయి కట్టేస్తే కుంగింది కానీ మొత్తం దిగలేదు, రంగు మరక పైన మిగిలింది. డ్రమ్ములోనూ అంతే: రాత్రంతా వదిలేస్తే 5.2 కాస్తా 2.6కు దిగింది, పొద్దున అర లీటరు తీయంగనే మళ్లీ ఎక్కింది.

రెండోది, రెండు పొరల మధ్య గీత గీసినట్టు ఉండదు. ఎంత మెల్లగ పోసినా 12 నుంచి 18 సెంటీమీటర్ల లోతు దాకా అంతా కలగాపులగమే. 15 దగ్గర 4.8. అంటే నా 15 సెంటీమీటర్లలో అసలు మంచినీళ్లు 12 మాత్రమే, పైపు కింద మిగిలేది నాలుగు.

మూడోదే అసలైందని నా అంచనా: ఉప్పు తక్కువ పడింది. వినడానికి ఉల్టా ఉంటది గాని లెక్క చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, మంచినీళ్ల కంటే రెండున్నర శాతం బరువు. అందుకే తీరంలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి మీటరు ఎత్తుంటే, దాని కింద 40 మీటర్ల దాకా మంచినీళ్లు ఉంటయని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరి లెక్క. మట్టం మీటరు దిగితే ఉప్పు 40 మీటర్లు పైకొస్తదని కూడా దాని అర్థమే. నా 5 గ్రాముల నీళ్ల బరువు తేడా 0.35 శాతమే, అంటే ఒకటికి దాదాపు 280. పైపు దగ్గర మట్టం ఒక్క మిల్లీమీటరు కుంగినా ఉప్పు 28 సెంటీమీటర్లు లేవడానికి సిద్ధం. అదే సముద్రపు ఉప్పయితే 4 సెంటీమీటర్లే. చెట్లకు అందే ఉప్పని తక్కువ వేసి పెడితే, బరువు లేక పుట్టను కిందికి గుంజేదే లేకుండా పోయింది.

వేగం సంగతి కూడా తేలింది. నిమిషానికి 30 మిల్లీలీటర్లకు తగ్గిస్తే నాలుగో లీటరు 3.6 నుంచి 2.2కు వచ్చింది. ఫోన్లో చెప్తే బావ నవ్విండు: "ఇందుకు డ్రమ్మెందుకయ్యా? మా నాన్న కుండలతో మోసినన్నాళ్లూ దొరువు తియ్యగానే ఉంది, ఇంజను పెట్టాకే ఉప్పయింది." ముందే చెప్పొచ్చు కదా బావా!

మీటర్ల గురించి ఒక మాట. హన్నా పెన్ను ఖరీదే, కానీ ఎండలో నీళ్లు వేడెక్కినా ఉష్ణోగ్రత సవరణ నమ్మేటట్టుంది. చవక టీడీఎస్ పెన్నులు ఈ పనికి వద్దు. లోపల కొలిచేది ఈసీనే, దాన్ని ఒకటి 0.5తో, ఇంకొకటి 0.7తో గుణించి పీపీఎం చూపిస్తది; ఏ లెక్కనో డబ్బా మీద రాయరు.

చెట్ల సంగతి: 2 ఈసీ నీళ్లతో బీట్‌రూట్ బ్రహ్మాండం, పాలకూర పర్వాలేదు, బీన్స్ మాడిపోయింది. పోవాల్సిందే. మట్టి సారపు (తడిపిన మట్టి ముద్దలోంచి పిండిన నీళ్ల) ఈసీ 1 దాటితేనే బీన్స్ దిగుబడి పడిపోతది. పాలకూర 2 దాకా, టమాట 2.5, బీట్‌రూట్ 4, పత్తి 7.7 దాకా ఓర్చుకుంటయి. ఉప్పు కిందికి కడిగేయడానికి పోసే నీళ్లలో బీట్‌రూట్‌కు పదకొండు శాతం, పాలకూరకు పావు వంతు వృథాగా దిగిపోవాలి. బీన్స్‌కైతే మూడింట రెండొంతులు. అంత నీళ్లుంటే ఈ బాధెందుకు?

ఉప్పు అనంగనే జిప్సం వెయ్యమని అందరూ చెప్తరు. కారు చౌడుకైతే సరే, అక్కడ సోడియాన్ని నెట్టడానికి కాల్షియం కావాలి. మా వరంగల్ దిక్కు చౌడు చెలకకు అది పని చెయ్యొచ్చు, ముందు పీహెచ్ చూసుకోవాలి. బావ పొలంలో తెల్లగ పేరుకునే పాల చౌడుకు కావాల్సింది కడిగే మంచినీళ్లు, అవి బయటికి పోయే దారి. అక్కడ జిప్సం బస్తాలు దండగ.

ఇక ముందు: డ్రమ్ము మొత్తం ఖాళీ చేసి (ఆ నీళ్లు మోరీలకే, కుండీల దిక్కు పోనియ్యను) లీటరుకు 35 గ్రాములతో మళ్లీ నింపుత. అడుగు నీళ్ల ఈసీ 50 దగ్గర ఉంటది, నా పెన్ను 20 వరకే చదువుతది కాబట్టి బ్యాటరీ నీళ్లతో ఐదింతలు పలచన చేసి కొలవాలి. పైపును 8 నుంచి 4 సెంటీమీటర్లకు జరుపుత. కుళాయికి టైమర్ పెట్టి గంట తీసి మూడు గంటలు ఆపి చూస్త. ఆఖరి లీటరు కూడా 1.5 లోపు వస్తే సంక్రాంతికి ఆగర్ (నేల తొలిచే బర్మా) పట్టుకొని చినగంజాం పోవుడే. అక్కడ ముందు పొలంలో నాలుగు మూలల బొక్కలేసి, అడుగడుగుకూ ఈసీ రాసుకొని, మంచినీటి పొర రెండు మీటర్లన్నా ఉంటేనే పైపుల మాట. లేకుంటే సుందర్బన్స్ వైపు చేసినట్టు ఐదో వంతు పొలం చెరువు తవ్వి, ఆ మట్టితో మిగతాది ఎత్తు చేసే ఆలోచన ఉంది. కాకపోతే ఇసుకలో చెరువు నిలవాలంటే అడుగున తార్పాలిన్ కావాలి. 500 జీఎస్ఎం (చదరపు మీటరుకు 500 గ్రాములది) వేసినోళ్లు ఎవరన్నా ఉంటే ఎన్నేండ్లు ఆగిందో చెప్పండి.