ఓస్లోలో ఎనిమిదో ఎక్కం

నార్వే వాళ్ళు సరుకులు చవగ్గా కొనుక్కోడానికి కార్లేసుకుని స్వీడన్ వస్తారు. సరిహద్దు దాటగానే స్ట్రోమ్‌స్టాడ్ దగ్గర నూర్ద్‌బీ అని పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది, శనివారం అక్కడ పార్కింగ్‌లో ఎటు చూసినా నార్వే నంబర్ ప్లేట్లే. మాంసం, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు డిక్కీ నిండా నింపుకుని వెనక్కి పోతారు. అలాంటిది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కాపురం ఉంటున్న మేము వీకెండ్‌కి ఓస్లో వెళ్తున్నాం అని ఆఫీసులో చెప్తే, మా టీమ్‌లో ఒకాయన కాఫీ కప్పు కింద పెట్టి మరీ నా మొహంలోకి చూశాడు. "ఏం, ఇక్కడ ఖర్చు సరిపోవడం లేదా?" అన్నాడు. స్వీడన్ వాళ్ళు మామూలుగా ఎవరి డబ్బు సంగతీ ఎత్తరు. ఎత్తాడంటే విషయం గట్టిదే అన్నమాట.

మా ఆయన సంగతి చెప్పాలి ముందు. మాది కాకినాడ, ఇక్కడికొచ్చి ఏళ్ళు గడుస్తున్నాయి, జీతం ఇక్కడి డబ్బుల్లోనే వస్తుంది, ఇంటద్దె ఇక్కడి డబ్బుల్లోనే పోతుంది, అయినా సరే ఏ ధరైనా రూపాయల్లోకి మార్చుకుంటే తప్ప ఆయనకి ఒంటపట్టదు. నార్వే క్రోనర్ అంటే అప్పట్లో ఎనిమిది రూపాయల పైచిలుకు. బస్సెక్కి సీట్లో కూర్చోగానే "ఎనిమిదో ఎక్కం గుర్తుందా నీకు?" అని అడిగాడు. అప్పుడే ఒప్పందం చేసుకున్నాం, లెక్కలు వేసుకుంటే మనసులో వేసుకోవాలి, పైకి అనకూడదు.

ఒప్పందం నాలుగు గంటల లోపే, అంటే ఓస్లో బస్టాండ్ రాగానే ముగిసింది. పక్కనే ఉన్న రైల్వే స్టేషన్లో టాయిలెట్‌కి 20 క్రోనర్లు.

"నూట అరవై," అన్నాడు మా ఆయన, తలుపు ముందు కార్డు పట్టుకుని నిలబడి. ఆ కార్డుని మళ్ళీ పర్సులో పెట్టేసి "హోటల్ ఎంత దూరం?" అని అడిగాడు. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. అప్పుడు టైమ్ పదకొండున్నర.

ఆ అవసరం పుణ్యమా అని మేము ఓస్లోలో చూసిన మొట్టమొదటి గొప్ప కట్టడం లైబ్రరీ. డైక్‌మన్ బ్యోర్వికా అంటారు, స్టేషన్ నుంచి నడిచే దూరం, 2020లో తెరిచారు, ఎవరైనా టికెట్ లేకుండా లోపలికి పోవచ్చు. మా ఆయన ఒక పుస్తకాలయంలోకి అంత వేగంగా నడవడం పెళ్ళయ్యాక నేను చూడలేదు. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వచ్చాక అంతస్తులన్నీ తిరిగాం. కుట్టుమిషన్లు ఉన్నాయి, త్రీడీ ప్రింటర్లు ఉన్నాయి, కిటికీల పక్కన కూర్చుంటే నీళ్ళు కనిపిస్తాయి. పై అంతస్తులో చెక్కతో కట్టిన ఒక చిన్న గది ఉంది. 2014 నుంచి ఏడాదికొక రచయిత తన రాతప్రతి ఒకటి తెచ్చి ఇస్తారట, వాటిని అక్కడ భద్రపరుస్తారు, 2114 దాకా ఎవరూ చదవడానికి లేదు. ఊరి బయట అడవిలో వెయ్యి మొక్కలు నాటారు, అప్పటికి అవి పెరిగితే ఆ కాగితం మీదే పుస్తకాలు అచ్చేస్తారు. నేను అలాగే నిలబడిపోయాను. మా ఆయన కూడా చాలాసేపు మౌనంగా చూశాడు. "అప్పటికి క్రోనర్ ఎంతుంటుందో," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం గురించి నాకు బస్సెక్కే ముందు నుంచే కాస్త మొహమాటంగా ఉంది, ఎందుకంటే నా బ్యాగులో రెండు డబ్బాల పులిహోర ఉంది. యూరప్ రాజధానికి వీకెండ్ ట్రిప్ అని ఫోటోలు పెడదామనుకుంటూ చింతపండు పులిహోర మోసుకెళ్ళడం ఏంటి అని. ఓపెరా హౌస్ పైకప్పు నీళ్ళల్లోంచి మొదలై వాలుగా పైదాకా పోతుంది, తెల్లటి ఇటలీ పాలరాయి, 2008లో తెరిచినప్పటి నుంచి ఆ కప్పు మీద ఎవరైనా నడవొచ్చు. ఎండలో ఆ రాయి వైపు చూస్తే కళ్ళు పోతాయి, నల్లద్దాలు తప్పనిసరి. ఎక్కడో మూల ఎవరూ లేని చోటు వెతుక్కుని కూర్చున్నాం. పక్కన సూటేసుకున్న ఒక పెద్దాయన వచ్చి కూర్చుని, జేబులోంచి కాగితంలో చుట్టిన పొట్లం తీశాడు. అందులో రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్య పల్చటి చీజ్. తీరిగ్గా తినేసి, కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అటు చూస్తే ఇద్దరు అమ్మాయిలు, వాళ్ళ చేతుల్లోనూ పొట్లాలే. తరవాత తెలిసింది, నార్వేలో ఇది దేశాచారం. బడిపిల్లల నుంచి పెద్ద ఆఫీసర్ల దాకా మధ్యాహ్నానికి ఇంటి నుంచి పొట్లం కట్టుకుని వస్తారు. ప్రపంచంలోని ధనిక దేశాల్లో ఒకటి, పెట్రోలు డబ్బులు తరతరాలకి సరిపడా దాచుకున్న దేశం, హోటల్లో మధ్యాహ్న భోజనం దండగ అనుకుంటుంది! మా ఆయన నడుం నిటారుగా పెట్టి, డబ్బా మూత పెద్ద చప్పుడుతో తెరిచాడు.

మధ్యాహ్నం మూంక్ మ్యూజియం. ఓపెరా వెనకాలే, పదమూడు అంతస్తులు, పైభాగం కాస్త ముందుకి వంగి ఉంటుంది, 2021లో ఇక్కడికి మార్చారు. టికెట్లు ఇద్దరికీ కలిపి నాలుగు వందల క్రోనర్లకు అటూ ఇటూగా అయ్యాయి, ఎక్కం నేను చెప్పను. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ వేసిన 'స్క్రీమ్' బొమ్మకి ఇక్కడ మూడు రూపాలున్నాయి: రంగులతో వేసింది, క్రేయాన్‌తో గీసింది, నలుపు తెలుపులో అచ్చు వేసింది. వెలుతురు తగిలితే పాడవుతాయని ఒక్కోసారి ఒక్కటే చూపిస్తారు, మిగతా రెండూ తలుపుల వెనక చీకట్లో ఉంటాయి. మేము వెళ్ళేసరికి తెరిచి ఉన్నది నలుపు తెలుపు. "రంగుల్లేకుండానా?" అని మా ఆయన నన్ను నిలదీశాడు, నేనే రంగులు కడిగేసినట్టు. రంగుల బొమ్మ వంతు వచ్చేదాకా ఆ గది వదిలి రానన్నాడు. సరే అని నేను మిగతా అంతస్తులు చూసి వచ్చాను, ఆయన బెంచీ మీద అలాగే కూర్చుని ఉన్నాడు. చివరికి ఆ తలుపు తెరుచుకున్నప్పుడు ఆయన సంతోషం చూడాలి.

'స్క్రీమ్'ని దొంగలు రెండుసార్లు ఎత్తుకుపోయారు, 1994లో నేషనల్ గ్యాలరీలో ఉన్న ఇంకో రూపాన్ని, 2004లో మూంక్ మ్యూజియం పాత భవనంలో ఉన్నదాన్ని. రెండూ దొరికాయి. మొదటిసారి దొంగలు సెక్యూరిటీ అంత నాసిరకంగా ఉంచినందుకు థాంక్స్ చెప్తూ చీటీ కూడా పెట్టి వెళ్ళారు. ఇది చెప్తే మా ఆయన "వాళ్ళు కూడా టికెట్ రేటు చూసే ఉంటారు" అన్నాడు. ఇంకొకటి, ఆ బొమ్మలో మనిషి అరుస్తున్నాడని అందరూ అనుకుంటారు కదా, మూంక్ రాసుకున్నదాని ప్రకారం అరుపు ప్రకృతిలోంచి వచ్చింది, ఆ మనిషి అది భరించలేక చెవులు మూసుకున్నాడు. పొద్దున్నుంచీ ఎనిమిదో ఎక్కం విన్నదాన్ని కాబట్టి నాకు ఆ బొమ్మ మరీ దగ్గరగా అనిపించింది.

ఇక శనివారం సాయంత్రం. నార్వేలో సూపర్ మార్కెట్లలో బీరు మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిది దాకా అమ్ముతారు, శనివారం ఆరు దాకా, ఆదివారం అసలే అమ్మరు. అంతకన్నా ఘాటైనవి ప్రభుత్వ దుకాణంలోనే దొరుకుతాయి, అది అంతకన్నా ముందే మూసేస్తారు. మేము సూపర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టేసరికి ఆరూ ఐదు. బీరు అల్మరాకి తెర దించేశారు, ఆ తెర వెనక సీసాలు లీలగా కనిపిస్తున్నాయి, గుళ్ళో నైవేద్యం వేళకి తెర వేసినట్టు. మా ఆయన దానికి ఎదురుగా కాసేపు నిలబడ్డాడు, చేతులు జోడించలేదు గానీ అంతే. చివరికి సోలో అని వాళ్ళ ఆరెంజ్ డ్రింక్ పెద్ద సీసా ఒకటి తీసుకున్నాడు. బిల్లులో సీసాకి విడిగా 3 క్రోనర్లు పడ్డాయి. అది డిపాజిట్ అట, ఖాళీ సీసా తెచ్చి మెషీన్లో వేస్తే తిరిగి ఇస్తారు. ఈ సీసాని గుర్తుపెట్టుకోండి, ఆయన పెట్టుకున్నాడు.

నార్వేలో 1919లో జనం ఓటేసి ఘాటు మద్యాన్ని నిషేధించుకున్నారు, 1926లో మళ్ళీ ఓటేసి ఆ నిషేధం వద్దనుకున్నారు, మధ్యలో 1922లో పుట్టిన ఆ ప్రభుత్వ దుకాణం మాత్రం ఇప్పటికీ ఉంది. మన దగ్గర 1995లో వచ్చిన మద్యనిషేధం 1997కల్లా పోయింది, ప్రభుత్వమే షాపులు నడిపే ముచ్చట కూడా 2019 తరవాత కొన్నేళ్ళు చూశాం. ఆ పోలికలన్నీ మా ఆయన ఒక బార్‌లో కూర్చుని చెప్పాడు, ఎందుకంటే చివరికి బార్‌కే వెళ్ళాం. అర లీటరు బీరు 120 క్రోనర్లు. ఈసారి ఎక్కం వినబడలేదు. గ్లాసు మీద రెండు వేళ్ళంత తాగినప్పుడల్లా "రెండొందలు" అని మెల్లగా అనుకుంటున్నాడు. జూన్ నెల, రాత్రి పదింటికి కూడా ఎండ, ఆ గ్లాసు ఒక్కటే అప్పటిదాకా వచ్చింది. "ఈ ఊళ్ళో సూర్యుడొక్కడే ఉచితంగా ఓవర్‌టైమ్ చేస్తున్నాడు," అన్నాడు. ఆ తరవాత గ్రోన్‌లాండ్ వైపు వెళ్ళి, పాకిస్తానీల దుకాణాలు ఎక్కువగా ఉండే పేట అది, ఒక బిర్యానీ తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. రెండు వేల రూపాయల బిర్యానీలో లవంగం కూడా వదలకుండా తిన్నాడు.

ఆదివారం హోటల్లో టిఫిన్, గది అద్దెలోనే కలిసి ఉంది, కాబట్టి తెరిచిన నిమిషానికే అక్కడున్నాం. బ్రౌన్ చీజ్ అని ఉంటుంది, చీజ్ చేయగా మిగిలిన నీళ్ళని గంటల తరబడి మరిగించి చేస్తారు, తియ్యగా ఉంటుంది, నాకు భలే నచ్చింది. మా ఆయన మూడు రౌండ్లు వేశాడు, మూడో రౌండ్‌లో చేప ముక్కల దాకా వెళ్ళాడు, మామూలుగా పొద్దున పూట ఇడ్లీ తప్ప ముట్టని మనిషి.

తరవాత విగెలాండ్ పార్కు. గుస్తావ్ విగెలాండ్ అనే ఆయన చేసిన శిల్పాలు రెండు వందలకు పైగా ఉన్నాయి, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, పైసా టికెట్ లేదు. అన్నీ మనుషులవే. ముసలాళ్ళు, పిల్లలు, తల్లులు, కొట్టుకునేవాళ్ళు, వాటేసుకునేవాళ్ళు. ఎవరి ఒంటి మీదా నూలుపోగు లేదు. మేము వంతెన మధ్యలో ఉండగా అత్తయ్యగారు వీడియో కాల్ చేశారు.

ఆదివారం ఆ టైముకి ఫోన్ ఎత్తకపోతే అక్కడ కంగారు పడతారు. ఎత్తాం. "ఎక్కడున్నార్రా, ఏదైనా గుడా?" అన్నారు. మా ఆయన గబుక్కున ఫోన్ ఎడమకి తిప్పాడు, అక్కడొక మొగాయన కంచు విగ్రహం. కుడికి తిప్పాడు, ఒక జంట. వెనక్కి తిరిగాడు, ఓ మనిషి నలుగురు పిల్లల్ని గాల్లో ఎగరేస్తున్నాడు, ఏ ఒక్కరికీ లాగూ లేదు. చివరికి ఫోన్‌ని ఆకాశం వైపు పెట్టి "వాతావరణం బావుందమ్మా" అన్నాడు. అప్పటికే పక్కనుంచి మావయ్యగారు చూసేశారు. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఫోన్ లాక్కుని "ఒరేయ్, ఆ విగ్రహం మళ్ళీ చూపించు, ఆ భుజం పోసిన తీరు చూశావా!" అన్నారు. అంతే, ఇక మాకు టూర్ గైడ్ కాకినాడ నుంచి. కాళ్ళు నేలకేసి కొడుతూ ఏడుస్తున్న పిల్లాడి విగ్రహం దగ్గర ఆగాం, జనం తడిమి తడిమి వాడి చెయ్యి బంగారంలా మెరుస్తోంది. పార్కు మధ్యలో ఏకశిలా స్తంభం ఉంది, ఒకే గ్రానైట్ రాయిలో 121 మంది మనుషులు ఒకరి మీద ఒకరు ఎక్కుతూ, పద్నాలుగు మీటర్ల ఎత్తు, ముగ్గురు శిల్పులకి చెక్కడానికి పద్నాలుగేళ్ళ దాకా పట్టింది. మావయ్యగారు దాన్ని కింద నుంచి పైదాకా చూపించమన్నారు, నాలుగు వైపులా. "అవేం బొమ్మలండీ, ఆదివారం పూట" అని వెనక నుంచి అత్తయ్యగారి గొంతు వినిపిస్తూనే ఉంది. నా ఫోన్ చార్జింగ్ మొత్తం అక్కడే అయిపోయింది. ఓస్లో మొత్తంలో మేము అంత తీరిగ్గా, అంత క్షుణ్ణంగా చూసిన చోటు మరొకటి లేదు.

సిటీ హాల్‌కి కూడా వెళ్ళాం, అదీ ఉచితమే. డిసెంబర్ 10న నోబెల్ శాంతి బహుమతి ఇచ్చేది ఆ హాల్లోనే, 2014లో కైలాష్ సత్యార్థి, మలాలా అక్కడే అందుకున్నారు. గోడల నిండా బొమ్మలు. తరవాత మా ఆయనకి కొత్త దిగులు పట్టుకుంది. 24 గంటల బస్సు టికెట్ ఒక్కొక్కరికీ సుమారు 130 క్రోనర్లు పెట్టి కొన్నాం, దాన్ని గిట్టించుకోవాలి. మెట్రో స్టేషన్లలో గేట్లు లేవు, తనిఖీ వాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు, ఆయన మాత్రం ఎవరైనా వచ్చి అడిగితే బావుండు అన్నట్టు టికెట్ తెరిచి పట్టుకుని కూర్చున్నాడు, ఎవరూ రాలేదు. స్కీ జంప్ ఉన్న హోల్మెన్‌కోలెన్ కొండ మీదికి పోయాం. అదే టికెట్‌తో పడవెక్కి హోవెద్‌ఓయా దీవికి పోయాం, 1147లో కట్టిన క్రైస్తవ మఠం శిథిలాలున్నాయి అక్కడ, చుట్టూ జనం గడ్డి మీద పడుకుని ఎండ కాగుతున్నారు. టికెట్ ముగియడానికి ఇంకా పావుగంట ఉందని అవసరం లేకపోయినా ఒక ట్రామ్ ఎక్కించాడు. అది ఎటు పోతుందో ఇద్దరికీ తెలీదు.

ఆ హడావిడిలో సోలో సీసా బ్యాగులోనే ఉండిపోయింది. ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు మూసేస్తారు, సీసాల మెషీన్ ఉన్నది అక్కడే. బస్సు టైమైంది. పారేద్దామంటే "ఇరవై నాలుగు రూపాయలు" అన్నాడు. గోథెన్‌బర్గ్‌లో మా ఇంటి కింద షాపులో వేసి చూశాడు, మెషీన్ లోపలికి లాక్కుని, కాసేపు ఆలోచించి, వెనక్కి ఉమ్మేసింది. నార్వే సీసా స్వీడన్‌లో చెల్లదు. కడిగి, ఆరబెట్టి, వంటింట్లో కిటికీ పక్కన పెట్టాడు. ఆగస్టులో ఓస్లో బస్సు టికెట్ల మీద ఆఫర్ ఉందని నిన్న రాత్రి నాకు లింకు పంపాడు.