టోచన్ కట్టుకుని ఇంటికొచ్చాం

మా నాన్న కారు 1999 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి, మూడు సిలిండర్లు, 796 సీసీ. కంపెనీవాళ్లు 2014లోనే ఈ మోడల్ తయారీ ఆపేశారు, మేం మాత్రం అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ, గ్రీన్ టాక్స్ కట్టుకుంటూ ఇంకా తిప్పుతూనే ఉన్నాం. అమ్మేద్దాం అంటే నాన్న వినపడనట్టు ఊరుకుంటాడు.

పోయిన మే నెలలో నల్గొండలో పెళ్లి భోజనం చేసి మధ్యాహ్నం రెండున్నరకి మిర్యాలగూడ బయల్దేరాం. తిప్పర్తి దాటేసరికి హీట్ మీటర్ ముల్లు సగం దాటింది. అప్పటికి నెలరోజుల్నుంచీ అంతే, రెండ్రోజులకోసారి రేడియేటర్లో నల్లా నీళ్లు పోస్తున్నా, పాత బండి కదా తాగుతది అనుకున్నా, ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయో ఒక్కసారన్నా కిందకి వంగి చూస్తే తెలిసేది, చూడలే. తప్పు పూర్తిగా నాదే, బండిది కాదు.

మాడుగులపల్లి టోల్ దాటాక ముల్లు H మీదకి పోయింది. ఆపరా అన్నాడు నాన్న. చెట్టు నీడ దొరికితే ఆపుదామని ఇంకో రెండు మూడు కిలోమీటర్లు లాగా, ఆ రోడ్డు ఫోర్ లేన్ చేసినప్పుడు చెట్లు ఎక్కడ ఉంచారని! చివరికి బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి, ఇంజన్ కటకటమని రెండుసార్లు కొట్టుకుని దానంతటదే ఆగిపోయింది.

దిగి బానెట్ ఎత్తగానే నేను చేయబోయిన మొదటి పని గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పడం. నాన్న చెయ్యి లాగేశాడు. లోపల ప్రెషర్ మీద ఉన్న నీళ్లు మూత తీయగానే ఒక్కసారి ఆవిరై మొహం మీదకి కొడతాయి. సరే, బాటిల్లో చల్లనీళ్లు ఇంజన్ మీద పోద్దామన్నా, దానికీ తిట్టాడు, హెడ్, అంటే ఇంజన్ పైభాగం, అల్యూమినియంది, అంత వేడి మీద చల్లనీళ్లు పడితే వంకరపోతుందంట. ముప్పావుగంట ఎండలో అట్లనే కూర్చున్నాం. చల్లారాక చూస్తే కింద హోస్ పైపు క్లిప్పు దగ్గర అంగుళం మేర చీలింది. ఆయిల్ గేజ్ పుల్ల తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. హెడ్ కింద సీలులా ఉండే గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిసినై, ఇంక సెల్ఫ్ కొట్టొద్దు అన్నాడు నాన్న.

నల్గొండ నుంచి బండిని పైకెక్కించుకుని తెచ్చే వ్యాన్ కి ఫోన్ చేస్తే నాలుగు వేలన్నాడు. ఇంతలో ఖాళీ ట్రక్కుతో మిర్యాలగూడ పోయే ట్రాక్టర్ తమ్ముడు ఆపాడు. "అన్నా, టోచన్ పెడదామా, డీజిల్ కి ఏమన్నా ఇయ్యి" అన్నాడు. టోచన్ అంటే తాడు కట్టి బండిని లాక్కుపోవడం. నేను తాడు బంపర్ కి కట్టబోతే "అది ఊడి నా చేతికొస్తదన్నా" అని నవ్వి, కింద దూరి హుక్కుకి వాడే కట్టాడు. రెండు బండ్ల మధ్య 5 మీటర్లకి మించి దూరం ఉండకూడదని రూల్, వాడి తాడు మడతేస్తే అంతకంటే తక్కువే వచ్చింది.

స్టీరింగ్ నాకియ్యలేదు నాన్న. "నీకు రాదు, నువ్వు ట్రాక్టర్ ఎక్కు" అన్నాడు. డెబ్బై ఒకటేళ్ల మనిషి! ట్రాక్టర్ మడ్ గార్డ్ మీద కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూ పోతుంటే అర్థమైంది ఎందుకన్నాడో. టోచన్ లో వెనకున్నోడిదే అసలు పని. తాడు వదులైతే మళ్లీ లాగినప్పుడు జెర్క్ కి పుటుక్కున తెగుద్ది, అందుకని ట్రాక్టర్ స్లో అయ్యే ముందే ఆయన బ్రేక్ మీద కాలేసి తాడుని బిగువుగా ఉంచుతున్నాడు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర కూడా తాడు ఒక్కసారీ రోడ్డుకి తగల్లేదు. గేర్ న్యూట్రల్, తాళం ఆన్ లో, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుద్ది. ఈ బండికి పవర్ స్టీరింగే లేదు కాబట్టి ఇంజన్ ఆగినా స్టీరింగ్ లో పెద్ద తేడా రాదు, అదొక్కటి కలిసొచ్చింది. వేములపల్లి దగ్గర సాగర్ కాలువ దాటుతుంటే ఆయన హారన్ కొట్టి మరీ నాకు సైగ చేశాడు, ముందు చూడు పడతావ్ అని.

చీకటి పడే వేళకి ఇల్లు చేరాం. అమ్మ గేటు తీసి "పెళ్లికి కార్లో పోయి ట్రాక్టర్లో వచ్చారేంది" అంది, పక్కింటోళ్లు కూడా బయటికొచ్చారు. ట్రాక్టర్ తమ్ముడికి ఏడొందలిస్తే ఐదొందలే తీసుకున్నాడు, చాయ్ తాగి వెళ్లాడు.

షెడ్డులో హెడ్ విప్పి లేత్ మీద ఫేసింగ్ కొట్టించి చదును చేయించి, గాస్కెట్, హోసులు, ఆయిల్ మార్చేసరికి పదకొండు వేలయింది. మెకానిక్ భాయ్ "ఇందులో నీళ్లు ఎవరు చూస్తారు సార్" అని అడిగితే నాన్న పేపర్ చదువుకుంటున్నట్టు నటించాడు.

ఆ తాడు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది, డిక్కీలో చుట్ట చుట్టి పెట్టాం, ఆ తమ్ముడి నంబర్ తీసుకోవడం మర్చిపోయా.