పంటు మీద అంతర్వేదికి

గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఉన్న నరసింహస్వామి క్షేత్రం అంతర్వేది. అక్కడికి రెండు దారులున్నాయి. పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన ఎక్కి, దిండి, మలికిపురం దాటుకుంటూ కారులో నేరుగా గుడి ముందు దిగవచ్చు. లేదంటే నరసాపురం దాకా రైల్లో వచ్చి, మాధవాయపాలెం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి నుంచి ఆటోలో వెళ్లవచ్చు. తక్కువ ఖర్చుతో చూడాలనుకునేవాళ్లకు రెండోదే సరైన దారి. ఖర్చు మాట పక్కన పెట్టినా నా ఓటు దానికే.

ఈ చలికాలంలో అమ్మా నేనూ అలాగే వెళ్లాం. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నరసాపురం. అక్కడితో పట్టాలు అయిపోతాయి కాబట్టి స్టేషన్ దాటిపోతామేమోనన్న టెన్షన్ లేకుండా నిద్రపోవచ్చు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో రేవుకు చేరుకున్నాం.

మాధవాయపాలెం అంటే ఇప్పుడు పంటు రేవే కానీ, 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల నోట్లో ఈ ఊరు మడపొల్లం అయింది. ఇక్కడి నుంచి వెళ్లిన నూలు బట్టకు కూడా ఆ పేరే స్థిరపడి, ప్రపంచమంతా అలాగే చెలామణి అయింది. నరసాపురంలో అప్పట్లో సముద్రం మీదికి వెళ్లే ఓడలు కట్టేవారు. ఆ వైభవానికి ఇప్పుడు రేవులో గుర్తులేమీ కనిపించవు. ఒక్క బోర్డు పెట్టినా బాగుండేది. ఈ ఊరి పిల్లలకైనా తెలియాలి కదా.

పంటు ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతాను. రెండు పడవల్ని పక్కపక్కన బిగించి, వాటి మీద చెక్కలు పరిచి బల్లకట్టులా చేస్తారు. ఇంజను మోత మొదలవకముందే మోటారు సైకిళ్లు ఒకదాని వెంట ఒకటి పలకల మీదుగా ఎక్కేస్తాయి. తర్వాత ఒక కారు. దాని చక్రాలు పలక మీదికి రాగానే పంటంతా ఒకవైపు ఒరిగి, మళ్లీ సర్దుకుంది. పాల క్యాన్లు, అరటి గెలలు, కాలేజీ పిల్లలు, ఒడిలో కోడిపుంజును గట్టిగా పట్టుకుని కూర్చున్న పెద్దాయన, అందరూ ఎక్కాక తాడు విప్పారు. మా పక్కనున్న ఆవిడ రోజూ అవతలి ఒడ్డు నుంచి ఇటు పనికి వచ్చి వెళుతుందట. "వంతెన వేస్తాం వేస్తాం అని నా పెళ్లికి ముందు నుంచీ అంటున్నారండీ" అంది. వంతెన వస్తే నాలాంటివాళ్లు పంటును తలుచుకుని బాధపడతారేమో కానీ, వరదల్లో పంటు ఆగిపోయినప్పుడు వీళ్లు పడే అవస్థ ముందు అదెంత! ఆ మాట మనకూ పనికొస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి పోటు మీద ఉన్నప్పుడు రేవు నడుస్తోందో లేదో కనుక్కోకుండా బయల్దేరకండి.

సఖినేటిపల్లి నుంచి దారంతా కొబ్బరితోటలు, వాటి మధ్య రొయ్యల చెరువులు. షేర్ ఆటోలు దొరుకుతాయి, బస్సులూ ఉన్నాయి. మేం గుడి, ఆశ్రమం, సముద్రం అన్నీ తిప్పి మళ్లీ రేవు దగ్గర దింపేలా ఒక ఆటో మాట్లాడుకున్నాం. రైలు టికెట్లు తీసేస్తే, ఆ రోజు మా ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. అందులోనూ పెద్ద వాటా ఈ ఆటోదే.

అంతర్వేదిలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఇక్కడి కథ పుస్తకంలో లేదు, నేల మీదే ఉంది. కథలో ప్రతి ఘట్టానికీ ఊళ్లో ఒక చోటు ఉంది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు వశిష్ఠ ఒడ్డున తపస్సు చేసి శివుడి దగ్గర వరం పొందాడు. వాడి ఒంటి నుంచి కారిన రక్తంతో ఎన్ని ఇసుక రేణువులు తడిస్తే అంతమంది రక్తవిలోచనులు పుడతారు. విశ్వామిత్రుడి పురమాయింపు మీద వాడు వశిష్ఠుడి కొడుకుల్ని చంపాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చాడు. ఇక్కడి ఇసుకలో కాలు పెట్టి నడిచి చూస్తే ఆ వరం ఎంత భయంకరమైనదో అర్థమవుతుంది. ఎటు చూసినా ఇసుకే. అలాంటి చోట ఒక్క బొట్టు కింద పడకుండా ఎలా యుద్ధం చేయాలి? స్వామి మాయాశక్తిని పిలిచాడు. ఆ తల్లి నాలుక చాపి, రక్తం నేలకు తగలకుండా పట్టింది. ఆ తర్వాతే చక్రం పని పూర్తిచేసింది. పట్టిన నెత్తురంతా రక్తకుల్య అనే పాయగా పారిందని, స్వామి చక్రాన్ని కడిగిన చోటు చక్రతీర్థమైందని చెబుతారు.

ఆ తల్లే అశ్వరూఢాంబిక. ఊళ్లోవాళ్లకు గుర్రాలక్క. మేం నేరుగా పెద్ద గుడికి వెళదామంటే ఆటో అబ్బాయి ఒప్పుకోలేదు. "ఆయ్, ఆడపడుచుని పలకరించకుండా ఎలాగమ్మగారూ?" అన్నాడు అమ్మతో. ఇక్కడ గుర్రాలక్క నరసింహస్వామికి చెల్లెలు. రథోత్సవం రోజు స్వామి రథం మీద ఆమె గుడి దగ్గరికి వచ్చి చీర, సారె పెట్టి వెళతాడు. రాక్షసుడి రక్తాన్ని నాలుక మీద పట్టిన శక్తిని ఇంటి ఆడపిల్లగా చేసుకుని, ఏటా పుట్టింటి సారె అందేలా చూసుకున్న ఈ ఊరి మనసు నాకు భలే నచ్చింది. గుడి చిన్నదే. అమ్మ రేవులో కొన్న గాజులు అక్కడ పెట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

లక్ష్మీనరసింహస్వామి గుడి పడమర ముఖంగా ఉంటుంది. ఇప్పుడున్న గుడిని బెండమూర్లంకకు చెందిన అగ్నికుల క్షత్రియుడు కొపనాతి కృష్ణమ్మ పూనుకుని కట్టించారు. అది పూర్తయింది 1823లో. అంటే రెండు వందల ఏళ్లు దాటింది. సముద్రాన్నే నమ్ముకుని బతికే కులం మనిషి సముద్రం ఒడ్డున ఇంత గుడి నిలబెట్టారంటే ఎంత పట్టుదల కావాలి! స్థలపురాణంలో అంతకుముందు కేశవదాసు అనే పశువుల కాపరి ఉన్నాడు. ఒక ఆవు రోజూ పుట్ట మీద పాలు కార్చి ఇంటికి వట్టి పొదుగుతో వస్తుంటే, వెంట వెళ్లి చూసి స్వామి జాడ కనిపెట్టింది అతనే. పశువుల కాపరి కనిపెట్టిన దేవుడు, జాలర్ల పెద్ద కట్టిన గుడి, రథం లాగేందుకు మొదటి చెయ్యి వేసే మొగల్తూరు రాజవంశీకులు. అందరి భాగమూ ఇందులో ఉంది.

మామూలు రోజు కావడంతో ధర్మదర్శనం క్యూ ఇరవై మందికి మించి లేదు. టికెట్ దర్శనం అవసరమే రాలేదు. మధ్యాహ్నం దేవస్థానం వాళ్ల అన్నదానంలో భోజనం చేశాం. వేడన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం వేసుకోండమ్మా" అని అడిగి అడిగి పెట్టారు. ఉచితమే అయినా, వీలైనంత హుండీలోనో అన్నదానం కౌంటర్లోనో ఇచ్చి రావడం మర్యాద.

గుడి దగ్గరే రథం ఉంటుంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి పాత రథం షెడ్డులోనే కాలిపోయింది. నలభై అడుగుల టేకు రథం, తరాల వాళ్లు తాళ్లు పట్టి లాగిన రథం, తెల్లారేసరికి బూడిద. టీవీలో ఆ దృశ్యం చూసి అమ్మ అన్నం మానేసిన సంగతి నాకు గుర్తుంది. కొన్ని నెలల్లోనే కొత్తది చేయించి 2021 ఫిబ్రవరిలో కల్యాణోత్సవాల వేళకు సిద్ధం చేశారు. అమ్మ ఆ చక్రాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంది. దగ్గర్నుంచి చూస్తే చెక్కలో టేకు చారలు పైనుంచి కిందికి విడిగా కనిపిస్తాయి. ఇంకా ఎన్నో వానలూ చేతులూ తగలాలి దానికి.

వశిష్ఠాశ్రమం త్వరగానే చూసి వచ్చేశాం. వికసించిన తామర ఆకారంలో అంతస్తులుగా కట్టిన కొత్త కట్టడం. ఫొటోలకు బాగుంటుంది, అంతకుమించి నన్ను ఆపింది లేదు. నీలకంఠేశ్వరాలయం అలా కాదు. బ్రహ్మ ఇక్కడ రుద్రయాగం చేసి ప్రతిష్ఠించిన శివుడని ప్రతీతి. ఆ యాగవేదిక వల్లే ఊరికి ఈ పేరు. రాక్షసుడికి వరమిచ్చిన శివుడూ, ఆ రాక్షసుడిని చంపిన నరసింహుడూ ఒకే ఊళ్లో కొలువుండటం చూశాక అమ్మ, "ఇద్దరికీ తగువు లేదు, మనకే" అంది.

లైట్‌హౌస్ సాయంత్రం పూట సందర్శకులకు తెరుస్తారు, చిన్న టికెట్. అమ్మ మోకాళ్ల నొప్పితో కింద బెంచీ మీద కూర్చుంది. నేను మెలికల మెట్లెక్కి పైకి వెళ్లాను. బాల్కనీలోకి అడుగుపెట్టగానే గాలికి చున్నీ ఎగిరిపోబోయింది. ఒకవైపు కనుచూపు మేర కొబ్బరి తలలు. ఇంకోవైపు సరుగుడు తోటలు, వాటి అవతల ఇసుక, పల్లిపాలెం పడవలు. ఎదురుగా వశిష్ఠ వెడల్పు అవుతూ అవుతూ సముద్రంలోకి వెళ్లిపోతోంది. ధవళేశ్వరం దిగువన విడిపోయిన పాయ ప్రయాణం ఇక్కడితో ఆఖరు. గోదావరి ఏడు పాయలు కడలిలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర కూడా చొల్లంగిలో మొదలై ఇక్కడే ముగుస్తుంది. ఎందుకు ఇక్కడే ముగించారో పైనుంచి చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నదీ సముద్రమూ కలిసే చోటే అన్నాచెల్లెళ్ల గట్టు. ఆటో దిగి ఇసుకలో నడవాలి. గట్టులాంటి మెరకకు ఒకవైపు నీళ్లు మట్టి రంగులో, రెండోవైపు తేటగా ఉంటాయి. వరద నీళ్లు వచ్చే రోజుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు కాస్త పరీక్షగా చూస్తే గానీ తెలియలేదు. ఒక జాలరి వల చిక్కులు తీస్తూ, "ఇక్కడ స్నానాలకి దిగకండి, కింద లాగేస్తది" అన్నాడు. వలలో పీతల్ని ఒక్కొక్కటే కాళ్లు విరగకుండా విడదీసి బుట్టలో వేస్తున్నాడు. ఆ వేళ్ల ఒడుపు చూస్తూ కూర్చున్నాం. సముద్రం ఏటేటా ముందుకొస్తోందని, తన చిన్నప్పటి ఒడ్డు ఇప్పుడు నీళ్లలో ఎక్కడో ఉందని చెయ్యి చాపి చూపించాడు. అతను చూపించిన చోట అలలు తప్ప ఏమీ లేవు. ఆ తీరాన తాగేసిన కొబ్బరిబొండాలు, ప్లాస్టిక్ గ్లాసులు పడేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. దయచేసి మీ చెత్త మీరు తెచ్చేసుకోండి.

రథోత్సవం చూడాలనే కోరిక ఉంటే భీష్మ ఏకాదశికి వెళ్లాలి. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు రథం. ఆ రోజుల్లో లక్షల జనం. చౌకగా, నింపాదిగా చూడటం కుదరదు. సత్రంలో చోటు ముందే మాట్లాడుకోవాలి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ జాగ్రత్తగా చూసుకోవాలి. వారం మధ్యలో, పండగ లేని రోజు వెళితే ఊరంతా మన చేతికి అందుతుంది. చిల్లర నోట్లు మాత్రం దండిగా పెట్టుకోండి, పంటు దగ్గరా కొట్ల దగ్గరా అవే కావాలి.

చీకటి పడకముందే రేవు దాటి నరసాపురం వచ్చేశాం. రైలుకు ఇంకా టైముంది కాబట్టి లేసు కొట్లకు వెళ్లాం. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి పని మధ్యలో, అరుగుల మీద కూర్చుని ఒక్క కొంకి సూదితో అల్లేవే ఇవన్నీ. చిన్న టేబుల్ క్లాత్ ఒకటి వేళ్లతో తడిమి చూసి, ఒక పువ్వు అల్లడానికి ఎంతసేపు పడుతుందో కొట్టావిడను అడిగి తెలుసుకున్నాక, ఎక్కడికెళ్లినా బేరమాడే అమ్మ చెప్పిన ధరకే రెండు తీసుకుంది.