తిమొరాస్సో కోతలో మూడు వారాలు

మా నాన్నకు శామీర్‌పేట దగ్గర రెండెకరాల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోట ఉండేది. నేను ఆరో తరగతిలో ఉండగా పందిళ్లు పీకేశారు. గింజలేని థాంప్సన్ వచ్చాక గింజ ద్రాక్షను అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడక్కడ ప్లాట్లు. అందుకే 2019 సెప్టెంబర్‌లో, ఇటలీలోని మిలాన్‌లో ఎం.ఎస్. చదువుతూ ద్రాక్ష కోతకు మనుషులు కావాలని విన్నప్పుడు, ఆ పని నాకు వచ్చనుకున్నాను. వెళ్లింది మాత్రం అద్దె డబ్బుల కోసమే.

పని దొరకడమే ఒక తతంగం. మొదట ఒక మేస్త్రీలాంటివాడు ఫోన్లో, "కాగితాలేం అక్కర్లేదు, సాయంత్రానికి డబ్బు చేతిలో పెడతా" అన్నాడు. మా రూమ్‌లో సీనియర్ అక్క వినగానే, "వద్దురా, పట్టుబడితే నీ పర్మిట్‌కే ఎసరు" అంది. స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటలే చేయాలి, అదీ రాతకోతలతో. చివరికి ఒక చిన్న తోటవాళ్లు టాక్స్ కోడ్, పర్మిట్ కాపీ, బ్యాంక్ ఖాతా తీసుకుని, మెడికల్ చెకప్ చేయించి, తాత్కాలిక కాంట్రాక్ట్ రాశారు. అది చేతికొచ్చేదాకా పది రోజులు ఒకటే టెన్షన్.

తోట తొర్తోనా కొండల్లో. పెంచేది తిమొరాస్సో, వైన్ చేసే తెల్ల ద్రాక్ష. పీడ్‌మాంట్ రాష్ట్రానికి ఆగ్నేయ మూల, మిలాన్ నుంచి రైల్లో సుమారు గంట. దగ్గర్లోనే కాస్తెల్లానియా, సైకిల్ పందేల వీరుడు ఫౌస్తో కోప్పి పుట్టిన ఊరు. ఆయన పుట్టి ఆ ఏటికి నూరేళ్లని ఊరి పేరుకు కోప్పి అని కలిపారు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి, శని, ఆదివారాలు కోసి, రాత్రి రైలుకు తిరిగొచ్చేవాణ్ణి.

మొదటి గంటలోనే నా గొప్ప అణిగింది. మన దగ్గర తినే ద్రాక్ష కదా, గుత్తిని కాడ పట్టుకునే కోస్తాం. పైనున్న తెల్లటి పొడి చెరిగితే బేరగాడు ధర తగ్గిస్తాడు. నేనూ అలాగే రెండు వేళ్లతో కాడ పట్టుకుని నెమ్మదిగా కోస్తుంటే, పక్క వరుసలో పంజాబీ పాజీ నవ్వాడు. "బేటా, ఇది పెళ్లికి పంపేది కాదు, పిండేది. అరచెయ్యి కింద పెట్టు, లోపల చూడు."

ఆ లోపల చూడటమే అసలు పని. తిమొరాస్సోకు పూత సరిగా నిలవదు. ఒకే గుత్తిలో పెద్ద కాయ, శనగగింజంత కాయ, పచ్చిది, పండింది కలిసి ఉంటాయి. వాన పడితే మధ్యలో బూడిదరంగు బూజు పడుతుంది. గుత్తి తిప్పి, బూజు పట్టిన ముక్క కత్తెరతో తీసేసి, మిగిలింది క్రేట్‌లో వేయాలి. బాగా పచ్చిగా ఉంటే చెట్టుకే వదిలెయ్యాలి. పందిరి కింద మెడ ఎత్తి కోయడం నాకు అలవాటు. ఇక్కడ ద్రాక్ష తీగల్ని నడుము ఎత్తులో ఇనప వైరుకు కట్టి ఉంచుతారు, రోజంతా వంగే ఉండాలి. రెండో వారానికి నడుము నాది కాదనిపించింది. వీడియో కాల్‌లో తోట చూపిస్తే నాన్న, "పందిరి లేదేంట్రా? చెట్టుకు ఇంతే కాపా?" అన్నారు జాలిగా.

ఇంత పెంకి రకాన్ని ఎందుకు పెంచుతారని భోజనాల దగ్గర యజమానిని అడిగాను. ఆయన చెప్పింది వింటుంటే మా తోటే గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ కొండలంతా ఇదే. తర్వాత రైతులు తేలిగ్గా, ఎక్కువగా కాసే కోర్తేసె అనే రకానికి మారిపోయారు. 1980లలో మొన్లెయాలె ఊరి రైతు వాల్తెర్ మాస్సా మిగిలిన తీగల్ని పట్టుకుని, 1987 పంటతో తిమొరాస్సో వైన్ మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు దాన్ని దెర్తోనా పేరుతో అమ్ముతున్నారు. అది తొర్తోనాకు రోమన్ల కాలపు పేరు. బరోలో అనే ఎర్ర వైన్‌కు పేరుమోసిన వియెత్తి, బొర్గోన్యో లాంటి కంపెనీల వాళ్లు కూడా వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. అనాబ్‌కి అలాంటి మొండివాడు ఒక్కడు దొరకలేదే అనుకున్నాను. దొరికినా శామీర్‌పేటలో ఎకరం ధరకు ఎవడు నిలబడతాడు?

చివరి వారం నన్ను లోపల పనిలో వేశారు. ఈ తోటలో రసాన్ని తొక్కతో ఒక రాత్రి ఉంచి, తర్వాత పిండి, స్టీల్ ట్యాంకుల్లో పులియబెడతారు. పులిశాక అడుగున చేరే మడ్డి తీసెయ్యరు. నెలల తరబడి వైన్ దాని మీదే ఉంటుంది, మధ్యమధ్య కలుపుతారు. నాకు అప్పగించింది ఘనకార్యమేం కాదు, క్రేట్లు కడగడం. కానీ ట్యాంకు దగ్గర తీసి ఇచ్చిన ఆ సగం పులిసిన రసం తియ్యగా, పుల్లగా, నురగతో భలే ఉంది.

మా కోత సీసాల్లోకి వచ్చాక రెండు కొని, గదిలో మంచం కింద దాచాను. 2023 డిసెంబర్‌లో ఇంటికొచ్చేటప్పుడు స్వెటర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టాను. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు కాబట్టి ముప్పావు లీటరు సీసాలు రెండూ లెక్కలోకే వచ్చాయి.

నాన్న తాగరు. వాసన మాత్రం చూస్తానన్నారు. స్టీలు గ్లాసులో కొంచెం పోసిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపి, "ఏంట్రా, కిరసనాయిలు వాసనొస్తోంది. నాలుగేళ్లు దాస్తే చెడిపోయింది" అన్నారు.

తిమొరాస్సో వయసు మీద పడితే వచ్చే వాసన అదే, దానికోసమే దాస్తారని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నాలుక తడిపి చూసి, కాసేపు ఊరుకుని, "పులుపు మాత్రం బాగా నిలిచిందే. కోసే ముందు నీళ్లు ఎన్నాళ్లు ఆపారు?" అని అడిగారు.

"వాళ్లసలు నీళ్లే పెట్టరు నాన్నా" అన్నాను.

రెండో సీసా బీరువాలో, అమ్మ పట్టుచీరల వెనక ఉంది.